కారు ఆపే ఉద్యోగం

ఆ రోజుల్లో కారు కొనడం కంటే దాన్ని ఆపడం పెద్ద విద్య. కెలమంగలంలో చింతపండు వ్యాపారం చేసే మా మేనమామకు ఒక పాత కారు ఉండేది. దాని బ్రేకులు ఇనుపకడ్డీలతో పనిచేసేవి (పనిచేసేవి అనడం నా మర్యాద). సంత దగ్గర ఆగాలంటే ఊరి మొదట్లోనే తొక్కడం మొదలుపెట్టాలి. మామ స్టీరింగు పట్టుకుని, సీటులోంచి సగం లేచి, రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడి, ఇంటిదేవుణ్ణి పిలిచేవాడు. అయినా కారు పోతూనే ఉండేది. అప్పుడు నేను కిందికి దూకి, పక్కనే పరుగెత్తి, చక్రం ముందు కొయ్యదిమ్మ పెట్టేదాన్ని. ఆ దిమ్మ పుణ్యాన ముందు సీటు నాది. బడి గడప తొక్కని పిల్లను, హోసూరు, సూళగిరి, రాయకోట అన్నీ ఆ సీటులోంచే చూశాను.

ఇంతలో కృష్ణగిరి మెకానిక్కు మామకు ఆశ పెట్టాడు. ఇదే కారు కొత్త మోడలు ఒకటి చెట్టుకు గుద్దుకుని తన షెడ్డులో పడి ఉందట, దాని ఆయిల్ బ్రేకులు విప్పి మన కారుకు బిగిస్తాడట. చెట్టుకు గుద్దుకున్న కారు బ్రేకులు ఏం మంచివని అత్త అడిగింది. గుద్దింది డ్రైవరు, బ్రేకులు కాదని మామ కోప్పడ్డాడు. నాకు మాత్రం శుభవార్తలా చెప్పాడు: "ఇంక నువ్వు దూకే పని లేదు పాపా. ముందర మీ అత్త కూర్చుంటాది." ఆ పూట నాకు సంగటి ముద్ద దిగలేదు.

బ్రేకులు బిగించాక ముగ్గురం బస్సులో కృష్ణగిరి పోయాం. అంతవరకు ఆ కారంటేనే వణికిన అత్త, దిష్టికి తెచ్చిన బూడిద గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని దర్జాగా నా సీటులో కూర్చుంది. నన్ను వెనక గోనెసంచుల పక్కన పడేశారు. గాలి కోసం మామ ముందు అద్దాన్ని బానెట్టు మీదికి మడిచాడు. మెకానిక్కు వంగి, "బొటనవేలు ఆనిస్తే చాలప్పా, పాతదాని మాదిరి తొక్కొద్దు" అన్నాడు. నాకా చెప్పేది అన్నట్టు మామ తల ఊపాడు.

బజారు మలుపులో మేక అడ్డం వచ్చింది. మామ బొటనవేలి సంగతి మరిచిపోయి, ఎప్పటిలాగే సగం లేచి, రెండు కాళ్లతో నిలబడి, దేవుణ్ణి పిలవబోయాడు. పేరు సగంలో ఉండగానే కారు ఆగింది. మేం ఆగలేదు. మామ స్టీరింగు మీద బోర్లా పడ్డాడు. నేను వెనకనుంచి వచ్చి అత్త మెడకు వేలాడాను. గుమ్మడికాయ బానెట్టు దాటి నడిరోడ్డు మీద పగిలింది. మేక తీరిగ్గా దాన్ని తినసాగింది. అత్త కొప్పు సర్దుకుని దిగి, మామ వైపు చూడకుండా నాతో చెప్పింది: "నేను బస్సులో పోతా. ఆ కాలికి బుద్ధి వచ్చినంక కారెక్కుతానని మీ మామకు చెప్పు."

"ఇన్నేండ్లు తొక్కిన కాలు, చెప్తే వింటాదా?" అని మామ నాతోనే గొణిగాడు.

అట్లా నా సీటు నాకు దక్కింది. దిమ్మ పోయి కొత్త ఉద్యోగం వచ్చింది. మామ మోకాలు లేవబోతున్నట్టు కనిపించగానే "ఒక వేలు మామా, ఒక వేలే" అనడం. పెళ్లయ్యేదాకా అదే చేశాను. నా నోరు లేకపోతే కారు ఆగినప్పుడల్లా మామ స్టీరింగు మీద బోర్లా పడతాడని గట్టిగా నమ్మాను.

రాయకోటకు కాపురానికి వచ్చిన కొన్నాళ్లకు మామ ఒక్కడే నన్ను చూడడానికి వచ్చాడు. కారు కనిపించగానే నేను వాకిట్లోకి పరుగెత్తాను. నోరు తెరిచేలోపే అది వచ్చి గడప ముందు మెత్తగా ఆగింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పుట్టింటి మీద బెంగ అనుకుని మా ఆయన తల్లి నన్ను దగ్గరికి తీసుకుంది, కాఫీ పెట్టిచ్చింది. ఆమెకు నిజం చెప్పలేదు. ఉద్యోగం పోయిందని ఏడ్చే కొత్తకోడలిని ఎవరు మాత్రం ఏమని ఓదారుస్తారు?