డెబ్బై రెండు కాని నాడి

ఆ నలభై అయిదు రోజుల్లో నేను పోగొట్టుకున్నవి ఇవి: ఒంటి బరువులో ఆరు పౌన్లు, మీసం మొత్తం, చెప్పుల జత ఒకటి, పరీక్షలో నలభై మూడు మార్కులు. చెప్పులు తర్వాత వంటడేరా వెనక దొరికాయి కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేశాను. మీసం మళ్లీ మొలిచింది. నలభై మూడు మార్కుల్లో ముప్పై ఎనిమిది న్యాయంగానే పోయాయి. మిగిలిన అయిదింటి గురించే ఈ రాత.

చైనాతో యుద్ధం జరిగిన మరుసటి ఏడు అది. కరీంనగర్ బయట మైదానంలో డేరాలు వేసి, మిలిట్రీలో గాయపడినవాళ్లకు కట్లు కట్టే పని నేర్పుతున్నారని తెలిసింది. పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. అది చూపిస్తే బెల్లంపల్లి బొగ్గు గని ఆస్పత్రిలో కట్లు కట్టే పనికి తీసుకుంటామని అక్కడి గుమస్తా ఒకడు మాట ఇచ్చాడు. అప్పటికి నేను భైంసాలో పత్తి తూకం వేసేవాణ్ణి. పెళ్లై ఏడాదిన్నర దాటినా నా భార్య ఇంకా నస్పూరులో పుట్టింట్లోనే ఉంది. తీసుకుపోతానని వెళ్లినప్పుడల్లా మా మామ ఒకే లెక్క చెప్పేవాడు.

"పత్తి మూడు నెల్లు తూగుతది అల్లుడా. తక్కిన తొమ్మిది నెల్లు నా బిడ్డ ఆ తరాజు దిక్కు చూసుకుంట కూసోవాల్నా?"

ఆ లెక్కలో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. డేరాల్లో చేరిపోయాను.

నేను బడికి పోయింది తక్కువ. లెక్కలు బజారులో నేర్చుకున్నాను. భైంసా తూకంలో మొదటి తూకాన్ని ఎవరూ ఒకటి అనరు. శుభమని "లాభం" అంటారు, ఆ తర్వాత రెండు, మూడు. ఆఖర్న కొసరు వేస్తారు. ఈ రెండు అలవాట్లూ నాతో పాటు కరీంనగర్ వచ్చాయి. పరీక్షలో సీసాలోకి ఎనిమిది మోతాదుల మందు కొలిచి, చేతి అలవాటు కొద్దీ ఇంకో చుక్క కొసరు వేశాను. మూడు మార్కులు పోయాయి. రోగికి మందు కొసరు వేయకూడదు, ఒప్పుకున్నాను.

తర్వాతది నాడి చూడటం. అయిదు మార్కులు. శిక్షణలో ఉన్నది పద్దెనిమిది మందిమి, నిజమైన రోగులు ఎవరూ లేరు. అందుకని మా వంటమనిషిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, కాలు విరిగిన సిపాయివి నువ్వేనన్నారు. పరీక్ష పెట్టే డాక్టర్ సాబ్ ఉత్తరాది మనిషి. అంకెలు తప్ప తెలుగు రాదు, మాతో హిందీలోనే మాట్లాడేవాడు. ఆయన చేతిలో సమాధానాల కాగితం ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి నాడి నిమిషానికి డెబ్బై రెండని పుస్తకంలో ఉంది, అదే కాగితంలోకి ఎక్కింది. నా ముందు పదకొండు మంది వరసగా వెళ్లి డెబ్బై రెండు, డెబ్బై రెండు అని చెప్పి సల్యూట్ కొట్టి వచ్చారు.

నేను చెయ్యి పట్టుకోగానే వంటమనిషి కళ్లు మూసుకున్నాడు.

"నీ చెయ్యి సల్లగున్నదన్నా. జర గట్లనే పట్టుకో."

"నాడి సూస్తున్న, మాట్లాడకు."

"గిందాకటోళ్లు నాడి ఏడ సూసిన్రు? గడియారం సూసిన్రు."

నేను పైకే లెక్కపెట్టాను. లాభం, రెండు, మూడు. నిమిషం పూర్తయ్యేసరికి నూట నాలుగు తేలింది. అదే చెప్పాను.

డాక్టర్ సాబ్ కాగితం చూశాడు, నన్ను చూశాడు. మొదట ఏదో అన్నాడే, అదేమిటని మా ఉస్తాద్‌ను అడిగాడు. ఉస్తాద్ అంటే మాకు డ్రిల్లు నేర్పే హవల్దారు, జగిత్యాల వైపు మనిషి.

"ఫాయిదా అన్నడు సాబ్," అన్నాడు ఉస్తాద్, నా లాభాన్ని హిందీలోకి తిప్పి, నవ్వు ఆపుకుంటూ.

"కాలు విరిగినవాడి దగ్గర వీడికేం ఫాయిదా? లెక్క ఒకటితో మొదలుపెట్టడం రానివాడికి నాడేం తెలుస్తుంది?" అని డాక్టర్ సాబ్ సున్న చుట్టాడు. ఆ సున్న మాత్రం చక్కగా, గుండ్రంగా వచ్చింది.

మొత్తం యాభై ఏడు వచ్చాయి. పాసవడానికి అరవై కావాలి.

ఆ సాయంత్రం వంటమనిషి పొయ్యి ముందే కూలబడ్డాడు. ఒళ్లు కాలిపోతోంది. మలేరియా. డాక్టర్ సాబ్ స్వయంగా వచ్చి నాడి చూశాడు. నూట ఎనిమిది అని పైకే అన్నాడు. పద్దెనిమిది మందిమీ అటుకులు నానబెట్టుకుని తిన్నాం. నేను తినడం కాగానే లేచి వెళ్లాను.

"సాబ్, నేను నూట నాలుగన్నాను."

"పరీక్ష పొద్దున అయింది," అన్నాడాయన శాంతంగా. "జ్వరం సాయంత్రం వచ్చింది."

అయితే అయిదు మార్కుల లోపు తగ్గినవాళ్లకు ఒక్క అంశంలో మళ్లీ పరీక్ష పెడతారట. గడువు ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో మా మామ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆషాఢం దాటాక పిల్లను పంపాలా, ఉంచుకోవాలా, ఒక మాట రాయమన్నాడు. పరీక్ష రోజు పొద్దున ఉస్తాద్ నన్ను పక్కకు పిలిచాడు.

"బిడ్డా, గీసారి లాభం లేదు, నష్టం లేదు. నిమిషం సేపు చెయ్యి పట్టుకో, డెబ్బై రెండు అను, సల్యూట్ కొట్టు. నీ పెండ్లాం కావాల్నా, లెక్క కావాల్నా?"

ఈసారి రోగిగా పడుకున్నది బట్టలు కుట్టే దర్జీ. వాడి నాడి ఎనభై ఆరు. పెదవి కదపకుండా లెక్కపెట్టాను. గొంతు సవరించుకుని డెబ్బై రెండు అన్నాను. బాగా చదివావని డాక్టర్ సాబ్ భుజం తట్టాడు.

నస్పూరులో మామ సర్టిఫికెట్‌ను వెలుగులో పట్టి చూశాడు. ఆయనకు చదువు రాదు. "మూడు ముద్రలున్నయ్," అని లోపలికి కేకేశాడు. "బిడ్డా, మూట గట్టుకో!" ఆమె అప్పటికే కట్టుకుని ఉందని తర్వాత తెలిసింది.

తిరుగు పరీక్షలో నెగ్గినవాళ్లకు ఎన్ని వచ్చినా సరిగ్గా అరవై వేయడం వాళ్ల నియమం. నా సర్టిఫికెట్ మీద అరవై ఉంది. నూట నాలుగు నిజమని ఒప్పుకుంటే యాభై ఏడుకు అయిదు కలిసి అరవై రెండు కావాలి. రెండుసార్లు ఉత్తరం రాశాను. రికార్డులో ఆ రోజు రోగి నాడి డెబ్బై రెండుగానే ఉందని జవాబు వచ్చింది. ఇప్పటికీ నాకు రావలసినవి రెండు మార్కులు.