చూద్దాంలే అంటే ఊరుకోని ఫోను

మా మేడ మీద పోర్షన్లో అద్దెకుండే చంద్రమౌళికి మనుషులతో మాట్లాడాలంటే చెమటలు. చందర్లపాడు నుంచి జగ్గయ్యపేట వచ్చి ఏళ్ళు గడిచినా, కూరగాయల బండి దగ్గర వంకాయలకేసి వేలు చూపించి ఊరుకుంటాడు. అలాంటివాడికి తగ్గ పనే దొరికింది. నందిగామ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ బస్తాల గది వేడెక్కిందంటే, ఇతను కంప్యూటర్లో రాసిపెట్టిన ఆదేశాల చిట్టా, అదే స్క్రిప్టు, దానంతటదే కనిపెట్టి ఓనరుకు ఫోన్ చేస్తుంది. ఇతను నోరు విప్పక్కర్లేదు.

"ఆ మిషను ఏదయ్యా, ఒకసారి చూపించు" అన్నాను, కాఫీ ఇచ్చే వంకతో పైకెక్కి.

"ఇక్కడ ఉండదు పిన్నిగారూ. ఎక్కడో పెద్ద కంప్యూటర్లో మనకో వాటా అద్దెకిస్తారు. దాన్నే సర్వర్ అంటాం."

"అంటే నువ్వు మా ఇంట్లో ఉన్నట్టు, అది ఇంకెవరింట్లోనో ఉందన్నమాట. నీళ్ళు సరిగ్గా వస్తాయా దానికి?"

పాపం, కాసేపు ఆలోచించి "రావండి" అన్నాడు.

ఈమధ్య వెనకవీధిలో సొంతిల్లు కట్టుకున్నాడు. నా అనేవాళ్ళు లేరు. గృహప్రవేశం నాడు పాలు పొంగే వేళకు ఇల్లంతా జనం ఉండాలన్నది ఒక్కటే కోరిక. కానీ ఇంటింటికీ వెళ్ళి పిలవాలంటే జ్వరం వచ్చేస్తుంది. అందుకని నా గొంతు రికార్డు చేశాడు: "నేను రాఘవమ్మని. ఆదివారం మా చంద్రమౌళి గృహప్రవేశం. తప్పకుండా రావాలి. వస్తారుగా?"

"వస్తాం" అన్నవాళ్ళను వదిలేసి, అననివాళ్ళకు గంటకోసారి మళ్ళీ ఫోన్ చేసేలా స్క్రిప్టు రాశాడు. ఒక సర్వర్ పడిపోతే, అంటే ఆగిపోతే, దాని పని అందుకోవడానికి రెండోదాన్ని కూడా సిద్ధంగా పెట్టాడు.

పిలవగానే "వస్తాం" అనేవాళ్ళు మా వీధిలో ఎవరున్నారు? భోజనానికి మొహం వాచిపోయామనుకోరూ! అందరూ మర్యాదగా "చూద్దాంలే" అన్నారు. గంటకు మళ్ళీ మోగింది. మళ్ళీ "చూద్దాంలే".

సాయంత్రానికి ఎదురింటి పుష్పవతి కొంగు దోపుకుని వచ్చింది.

"ఏం రాఘవమ్మక్కా, స్నానానికెళ్తే పిలుస్తావు, పోపు మాడుతుంటే పిలుస్తావు. వంటలేంటి అనడిగితే మాత్రం పలకవు!"

"నేను కాదే, మిషను."

"మిషను పిలిస్తే రావడానికి మేమేమన్నా మిషన్లమా? బొట్టు పెట్టి పిలవందే గడప దాటను."

వీధంతా అదే మాట. పుష్పవతి అటు వెళ్ళిందో లేదో నా ఫోనూ మోగింది. ఎత్తితే నేనే! ఎంతమంది ఒప్పుకున్నారే అని అడిగాను. చెప్పలేదు. "వస్తారుగా?" అంది. నాకు మాత్రం మర్యాద తెలియదా? "చూద్దాంలే" అన్నాను.

చంద్రమౌళి మొహం వాడిపోయింది. "ఎవరూ రారా పిన్నిగారూ?"

"కుంకుమ భరిణె పట్టుకుని పద. ఆడవాళ్ళకు బొట్టు నేను పెడతా. రమ్మని మాత్రం నువ్వే చెప్పాలి."

మొదట సుబ్బరాయుడుగారిల్లు. చంద్రమౌళి ఆయన చెప్పులకేసి చూస్తూ "ఆదివారం... రావాలండి" అన్నాడు.

"చూద్దాంలేవయ్యా."

వెనక్కి తిరగబోతుంటే చొక్కా పట్టుకుని లాగాను. "మళ్ళీ చెప్పు."

"తప్పకుండా రావాలండి."

"చూద్దాం."

గిల్లాను. "మీరు రాందే పాలు పొయ్యిమీద పెట్టను బాబాయిగారూ!" అని కేకలాంటిది పెట్టాడు.

"వస్తాంలేవయ్యా, అంత బతిమాలాలా!"

మెట్లు దిగుతుంటే చంద్రమౌళి కళ్ళు వెలిగిపోయాయి. "మూడోసారికి ఒప్పుకుంటారా! మధ్యలో గంట ఆగక్కర్లేదన్నమాట!"

వీధి చివరకొచ్చేసరికి అతని గొంతు బొంగురుపోయింది, అయినా ఆగలేదు. ఇల్లు చేరగానే సర్వర్ ఆపేశాడు.

ఆదివారం కాలుపెట్టే చోటు లేదు. పాలు అంచుదాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. మొదటి సర్వర్ను ఇతను ఆపితే, అది పడిపోయిందని తీరిగ్గా ఇప్పటికి కనిపెట్టి రెండోది పని అందుకుంది! అన్ని చెవుల్లోనూ నా గొంతే. అలవాటు కొద్దీ అందరూ "చూద్దాంలే" అన్నారు.

"అయ్యో, వస్తామనండి! లేకపోతే గంటకోసారి మోగుతుంది!" చంద్రమౌళి పీటెక్కి వీధి చివరికి వినబడేలా అరిచాడు.

"వస్తాం, వస్తాం!" అన్నారు ఆ ఇంట్లోనే కూర్చున్నవాళ్ళందరూ. పాలు పొంగాయి. ఫోన్లు ఆగాయి.

నాది మాత్రం గంటకోసారి ఇంకా మోగుతూనే ఉంది. వీధంతా తిరిగి బొట్టు పెట్టింది నేను. నాకు బొట్టు పెట్టి పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎలా ఒప్పుకుంటాను?