ఉర్కెన్‌కి కొండ పట్టింది

కాఠ్మాండులో బౌద్ధ స్తూపం వెనక సందులో ఉర్కెన్‌కి ఒక మోమోల దుకాణం ఉండేది. ఇంటాయన పాత భవనం పడగొట్టి కొత్తది లేపుతానన్నప్పుడు దుకాణం కూడా దానితోపాటే పోయింది. తొమ్మిదేళ్లు పిండి పిసికిన చేతులు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. అంతకుముందు అతను కొండమీది మనిషే. పై శిబిరాలకు బరువులు మోశాడు, వంట చేశాడు, పెళ్లయ్యాక దిగొచ్చాడు.

సరిగ్గా అప్పుడే ఛోంగ్బా ఫోన్ చేశాడు. ఒకప్పుడు ఉర్కెన్ దగ్గర తాడు ముళ్లు నేర్చుకున్న కుర్రాడు, ఇప్పుడు పర్వతయాత్రల్ని నడిపే సర్దార్.

"అన్నా, బేస్ క్యాంపులో వంటకి పెద్దదిక్కు కావాలి. వస్తావా?"

భార్య ఫూటీ ఒక్కటే అడిగింది. "పొయ్యి దగ్గరే ఉంటావుగా? ఇంకా పైకి ఎక్కవుగా?"

"పొయ్యి వదిలి ఎక్కడికి పోతానే," అన్నాడు ఉర్కెన్.

ఆ పొయ్యి ఎంత ఎత్తులో వెలుగుతుందో ఇద్దరికీ తెలుసు. కానీ ఉర్కెన్ పుట్టింది కొండమీది ఊరు ఖుంజుంగ్‌లో. అక్కడ పుట్టినవాడికి ఎత్తు గురించి జాగ్రత్తలు చెప్పాలని ఎవరికీ తోచదు.

పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. అలవాటు లేని మనిషికి తల పగిలిపోతుంది, అన్నం సహించదు, అడుగు తడబడుతుంది. కొందరు పోతారు కూడా. దాన్నే వాళ్లు కొండ పట్టడం అంటారు. అందుకే డబ్బు కట్టి వచ్చే విదేశీయుల్ని దారిలో నాంచేలో ఆపుతారు, డింగ్బోచేలో ఆపుతారు. పగలు ఓ గుట్ట ఎక్కించి, కిందికి దింపి పడుకోబెడతారు. ఒళ్లు మెల్లిగా దారికొస్తుంది. ఈ విరామాలు వంటవాళ్లకు ఉండవు. మెంబర్లు, అంటే ఆ విదేశీయులు, చేరేసరికి గుడారం లేచి ఉండాలి, టీ మరుగుతూ ఉండాలి. ఉర్కెన్ విమానం దిగీ దిగగానే జడలబర్రెల వెంట ముందుకు సాగిపోయాడు.

పాంగ్బోచేలో తలనొప్పి మొదలైంది. ఎండ అనుకున్నాడు. మర్నాడు గంజి సహించలేదు. వండిన చెయ్యి మారిందిలే అనుకున్నాడు. తుక్లా ఎత్తు ఎక్కేటప్పుడు బూటు తాడు కట్టుకునే వంకతో మాటిమాటికీ ఆగి, జడలబర్రెలన్నిటినీ ముందుకు పోనిచ్చాడు. లోబుచే చేరేసరికి కళ్ల ముందు రాళ్లు రెండేసిగా కనిపిస్తున్నాయి.

అక్కడ బస నడిపే యాంగ్జీ అతని అమ్మకి చెల్లెలు. వేడి వేడి షక్పా, దుంపల పులుసు, గిన్నెలో పోసి అందించింది. ఉర్కెన్ చేయి చాపాడు. గిన్నె చేతిలోంచి జారింది. ముక్కలూ రసమూ నేలంతా పారాయి. అతను బల్ల అంచు పట్టుకోబోయి పక్క బెంచీ మీద పడ్డాడు.

"పొద్దు గుంకకముందే మొదలెట్టాడ్రోయ్ మన వంటాయన!" అంటూ మింగ్తెంబా పగలబడి నవ్వాడు. జట్టులో అందరికంటే గట్టి కొండెక్కేవాడు అతనే, నోరూ అంతే గట్టిది. "ఎవరింట్లో పోశారన్నా ఛాంగ్ కల్లు? చెబితే మేమూ ఆగేవాళ్లం కదా!"

మునిగిపోతున్నవాడు కొమ్మని పట్టుకున్నట్టు ఉర్కెన్ ఆ మాటని పట్టుకున్నాడు.

"పాంగ్బోచేలో మావాళ్లు వదల్లేదురా. కాస్త ఎక్కువైంది."

యాంగ్జీ దగ్గరికొచ్చింది. "నోరు తెరువు."

"ఏంటి పిన్నీ, నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

"చిన్నపిల్లాడివైతే చెవి మెలిపెట్టేదాన్ని. తెరువు." వాసన చూసింది. "ఛాంగ్ వాసన లేదే."

"మధ్యాహ్నం ఎప్పుడో తాగింది."

అప్పుడే లోపలికొచ్చిన ఛోంగ్బా నేలమీది షక్పాని, బెంచీ మీది మనిషినీ చూశాడు. సంగతి మింగ్తెంబా చెప్పాడు. ఛోంగ్బా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"కొండమీద తాగినవాడికి చోటు లేదు. నాకు ఈ మాట నేర్పింది నువ్వే. పొద్దున ఖాళీ జడలబర్రెలు దిగుతాయి, వాటితో వెళ్లిపో అన్నా. ఇంకో వంటవాణ్ణి చూసుకుంటాను."

ఉర్కెన్ తల దించుకున్నాడు. తాగాననే మాటకి ఈ ఒక్క ఉద్యోగం పోతుంది. కొండ పట్టిందంటే ఇక ఎవరు పిలుస్తారు? ఖుంజుంగ్‌లో ముసలమ్మలు కూడా చెప్పుకుని నవ్వుతారు. నోరు మెదపకుండా ఉండడమే మేలు.

యాంగ్జీ ఊరుకోలేదు. "లేచి నేలమీది ఆ చెక్క వెంట నడువు. మడమకి కాలివేలు ఆనించి నడువు."

లేచాడు. మూడో అడుగుకే గోడకి కొట్టుకున్నాడు.

"తాగినవాడూ ఇట్లాగే నడుస్తాడు పిన్నీ," అన్నాడు మింగ్తెంబా.

"తాగినవాడికి పెదాలు నీలం అవుతాయిరా?"

గోడకి ఆనుకున్న ఉర్కెన్‌కి చాలా ఏళ్ల కిందట తను వీపుమీద మోసుకుని దింపిన ఓ విదేశీయుడు గుర్తొచ్చాడు. ముందురోజు సాయంత్రం దాకా ఆయన నవ్వుతూ, నాకేం కాలేదు, బాగానే ఉన్నాను అన్నాడు. కింద వైద్యశాల ఉన్న ఫెరిచే చేరేసరికి వీపుమీద ఆయన పలకడం మానేశాడు. ఆ నవ్వే ఇప్పుడు తన మొహం మీద ఉందని ఉర్కెన్‌కి తెలిసింది.

"తాగలేదురా ఛోంగ్బా," అన్నాడు. "కొండ పట్టింది."

ముందు మింగ్తెంబాయే తేరుకున్నాడు. "ఖుంజుంగ్ వాడికి కొండ పట్టిందా! ఇక రేపు జడలబర్రెకి చలేస్తుంది!"

అందరూ నవ్వారు. ఛోంగ్బా నవ్వలేదు.

"ఎప్పటి నుంచి?"

"పాంగ్బోచే నుంచి."

"ఇన్నాళ్లూ చెప్పకుండా నడిచావా? నిన్నేమనాలన్నా? లే. ఇప్పుడే దిగాలి."

"మరి వంట?"

"బతికుంటే వండుదువుగాని. మింగ్తెంబా, నవ్వింది చాలు, సంచి అందుకో."

దారి పొడుగునా మింగ్తెంబా జోకులు ఆపలేదు, ఉర్కెన్ జబ్బ కూడా వదల్లేదు. దిగుతున్నకొద్దీ తలలో సమ్మెట దెబ్బలు తగ్గాయి. ఫెరిచేలో డాక్టరమ్మ ఏ ఊరని అడిగింది. ఖుంజుంగ్ అన్నాడు.

"ఈ తొమ్మిదేళ్లూ ఎక్కడున్నావు?"

"కాఠ్మాండు."

"అయితే నీది కాఠ్మాండే. తిను, పడుకో."

తిన్నాడు, పడుకున్నాడు. ఆకలి తిరిగొచ్చాక, డాక్టరమ్మ సరేనన్నాక, ఛోంగ్బా ఫోన్ చేశాడు. "మెంబర్లు డింగ్బోచేలో ఉన్నారు. వాళ్లతో కలిసి, వాళ్ల అడుగులోనే రా. వాళ్లని దాటి ముందుకెళ్లావో, ఉద్యోగం లేదు."

అలా ఉర్కెన్ మెంబర్ అయ్యాడు. వాళ్లు గుట్ట ఎక్కితే ఎక్కాడు, దిగితే దిగాడు. ఒకప్పుడు ఇలాంటివాళ్లని పైకి పంపి కింద రాయిమీద కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. ఇప్పుడు పోలండు నుంచి వచ్చిన పళ్ల డాక్టరు వెనక నీళ్ల సీసా పట్టుకుని మెల్లిగా నడుస్తున్నాడు.

"నీకూ ఇది అవసరమా?" అని ఆశ్చర్యపోయాడు ఆయన.

"అవసరమే సార్. దుకాణంలో ఉండి వచ్చాను."

మొదటిసారి నేల చూస్తూ అన్నాడు. రెండోసారి అడిగినవాళ్లకి మామూలుగానే చెప్పాడు.

బేస్ క్యాంపులో గరిటె చేతికొచ్చిన రోజున ఛోంగ్బా రెండుసార్లు వడ్డించుకున్నాడు. షెర్పాలు కొన్నాళ్లు కాఠ్మాండు అన్నా అని పిలిచి, అలిసిపోయి మానేశారు.

ఒక మధ్యాహ్నం మింగ్తెంబా రెండో శిబిరం నుంచి దిగి నేరుగా వంట గుడారంలోకి వచ్చాడు. దగ్గుతున్నాడు. జోకు ఒక్కటీ వేయలేదు. ఉర్కెన్ టీ పెట్టి ముందుంచాడు. సగం తాగాక మింగ్తెంబాయే నోరు విప్పాడు.

"పడుకుంటే ఊపిరి అందట్లేదన్నా. ఎవరికీ చెప్పకు."

"నేను చెప్పను. నువ్వే చెబుతావు. ఛోంగ్బా గుడారంలోనే ఉన్నాడు."

"నవ్వుతారు."

"ఎందుకు నవ్వరు? బాగా నవ్వుతారు. నీ టీ అయిందా?"

మింగ్తెంబా గ్లాసు కింద పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర ఓసారి ఆగి, బయటికెళ్లాడు. కాసేపటికి ఛోంగ్బా గుడారంలోంచి నవ్వులు వినిపించాయి. ఆ వెంటనే, ఇతన్ని ఇప్పుడే దింపాలి, ఎవరక్కడ అంటూ ఛోంగ్బా కేక. మింగ్తెంబా దారిలో తినడానికి ఉర్కెన్ ఉడికిన దుంపలు రెండు గుప్పెళ్లు సంచిలో వేసి ముడి వేశాడు.