కాణిపాకం మీదుగా తిరుపతికి: మా అక్క ఫ్రెంచికి పరీక్ష

మా అక్కకి కెనడాలో, మానిటోబా అనే రాష్ట్రంలో ఒక చిన్న హోటలు నడిపే ఆమె వంటపని ఇస్తానంది. ఫ్రెంచి వచ్చినవాళ్ళకి ఆ దేశంలో ప్రత్యేకంగా ఒక వర్క్ పర్మిట్ ఉంది. అక్క పుదుచ్చేరిలో ఒక ఫ్రెంచి కుటుంబానికి తొమ్మిదేళ్ళు వండిపెట్టింది. గలగలా మాట్లాడుతుంది, అక్షరం ముక్క చదవలేదు. హోటలామెతో ఫోన్లో ‘ఫ్రెంచి వస్తుంది’ అనేసినప్పటి నుంచి, అబద్ధమాడానేమోనని ఒకటే మథనం. అది తేల్చుకోవడానికే తిరుపతిలో ఫ్రెంచి మాస్టారి దగ్గరికి బయల్దేరాం.

పొద్దున ఆరుకి ఐరాలలో బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ డబ్బుల్లేవు. చెరుకు తోటల మీద మంచు ఇంకా లేవలేదు. కళ్ళు అరమూసి, ఇదే బస్సు మానిటోబాలో పోతున్నట్టు ఊహించుకుంటూ కూర్చున్నాను. అరగంటలో కాణిపాకం. ఇక్కడి వినాయకుడి ముందు అబద్ధం చెల్లదని మా వైపు గట్టి నమ్మకం. ‘ఫ్రెంచి వచ్చు’ అని ప్రమాణం చేసేసి నిమ్మళంగా ఉండమన్నాను. అక్క చేతులు జోడించి దణ్ణం పెట్టుకుంది, ప్రమాణం మాత్రం చెయ్యలేదు.

“రాసేది రానిదాన్ని, వచ్చునని స్వామి ముందర యెట్ల సెప్పేది మే?” అంది బయటికొచ్చాక. నాకు ఒళ్ళు మండింది.

చిత్తూరులో ఇడ్లీ తిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు గంటల్లో తిరుపతి. మాస్టారు నుదుట తిరునామంతో వసారాలో కూర్చుని ఉన్నారు. సంగతంతా చెప్పాం.

“పని యాడమ్మా, ఫ్రెంచోళ్ళ రాష్ట్రం క్యూబెక్‌లోనా?”

“కాదు సార్, మానిటోబాలో” అన్నాను.

“అయితే సరిపోతుంది. క్యూబెక్ బయట పనికే ఈ పర్మిట్. వినేది, మాట్లాడేది మధ్యరకంగా వస్తే చాలు. చదివేది, రాసేది అడగరు. పరీక్ష కాగితం మాత్రం కావాల.”

“నిజంగానే అడగరా సార్?” అంది అక్క.

ఆయన బదులుగా ఫ్రెంచిలో ఏదో అడిగారు. అక్క మొదలుపెట్టింది. చేత్తో ఉల్లిపాయలు తరుగుతూ, మూత తీసి వాసన చూస్తూ, ఎవర్నో తలుచుకుని నవ్వుతూ ఇరవై నిమిషాలు చెప్పింది. నాకొక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఎంతసేపైనా వినాలనిపించింది. ఇంట్లో సగం మాటలు మింగేసే మా అక్కేనా ఈమె?

“ఇంగ నేను నేర్పేదేమీ లేదు” అన్నారు మాస్టారు.

అక్క అక్కడే ఫోన్ తీసి హోటలామెకి ఫ్రెంచిలో వాయిస్ మెసేజ్ పెట్టింది. ఏం చెప్పావని అడిగాను.

“సదవలేను, రాయలేను అని సెప్పినా. వద్దంటే వద్దననీ.”

సాయంత్రం ఏడుకి, తిరుగు బస్సు చిత్తూరు చేరుతుంటే జవాబొచ్చింది. అక్క రెండుసార్లు వింది.

“ఏమనిందక్కా?”

“ఆర్డరు చీటీలు నేను సదివి వినిపిస్తా, నువ్వు వండు అనింది.”

రోజంతా ఆమెని పంపించే తొందరలో ఉన్న నాకు, అక్క నిజంగానే వెళ్ళిపోతుందని అప్పుడు తెలిసింది. కిటికీలో కొండలు చీకట్లో కలిసిపోతుంటే, అక్క భుజం మీద తల పెట్టుకుని కూర్చున్నాను.

మీరూ ఈ దారిలో ఉంటే ఒక్కమాట. ఈ రూల్స్ మారుతుంటాయి, అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్లో చూసుకున్నాకే పరీక్షకి పేరివ్వండి. పని ఇచ్చేవాళ్ళకి మాత్రం, మీకు ఏది రాదో మొదటి రోజే చెప్పేయండి. మా అక్కకి కంటినిండా నిద్ర పట్టింది అది చెప్పిన రాత్రే.