ఈ ఏడు కథ వంతు అక్కది

మా అక్క తొమ్మిదేళ్లుగా ఇతరుల కష్టాలు టైపు చేస్తోంది. జిరాక్సు షాపులో కౌంటరు వెనక కుర్చీ ఆమెది. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుపడ్డాయి. చేతులు మాత్రం కీబోర్డు మీద పడ్డాయంటే ఆపడం ఎవరి తరమూ కాదు. వారంలో ఆరు రోజులు ఊళ్లోవాళ్ల అర్జీలు, ఏడో రోజు షట్టరు సగం దించి వికలాంగుల సంఘం మీటింగు. నేను సంఘంలో సభ్యురాలిని కాను. అక్క చక్రాల కుర్చీ తోసే ఉద్యోగం నాది. జీతం లేదు గానీ తిట్లు టైముకి అందుతాయి.

సంఘంలో పద్నాలుగు మంది. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాం అని ఎవరైనా అంటే, "నాకు చక్రాలరిగాయి" అని అక్క సరిదిద్దుతుంది. రెండో అంతస్తులో ఉన్న పరీక్ష హాలుని కిందికి మార్పించడానికి ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు బస్సుల ఎత్తు మెట్లు మార్పించే పని మీద పడ్డారు. దాని మీద ఆఫీసులో విచారణ ఉన్నప్పుడల్లా అందరినీ ఆటోల్లో చేర్చాలి, కాగితాలు అచ్చు వేయించాలి. ఎక్కడో దూరాన ఉన్న ఒక సంస్థ ఏటా ఇచ్చే చిన్న గ్రాంటే దీనికంతటికీ ఆధారం. అది రాకపోతే ఆ ఏడు సంఘమంతా ఇంట్లో కూర్చోవాల్సిందే.

గ్రాంటు ఊరికే ఇస్తారా? ఫారంలో పదకొండో పేజీ తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. సభ్యుల్లో ఒకరి జీవిత కథ రాయాలి. పడిన అవమానం వివరంగా ఉండాలట. ఇంట్లోవాళ్లు ఒకరు అది నిజమేనని సంతకం పెట్టాలట. హక్కుల కోసం డబ్బిస్తూ ఏడుపు అడగడమేమిటని ఒకసారి గొంతు చించుకున్నాను. "అడిగింది రాసి పడేద్దాం, తర్వాత మన పని మనం చేసుకుందాం" అంది అక్క. ప్రతిసారీ ఒకే మనిషి బతుకు బజారున పెట్టడం న్యాయం కాదని సంఘంలో వంతులు వేసుకున్నారు. కథ ఎవరిదైనా పంపే ముందు సంఘం మీటింగులో పైకి చదవాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం.

ఎనిమిది మంది కథలు అక్కే కూర్చోబెట్టి చెప్పించి రాసింది. తన వంతు వచ్చేసరికి మూడు మీటింగులు దాటవేసింది. ఇంటికొచ్చాక తిండి కూడా సరిగ్గా తినకుండా గోడకి ఆనుకుని కళ్లు మూసుకునేది. "అలిసిపోయానే" అనేది. నేనూ అలిసిపోయాను. కుర్చీ తోసీ తోసీ నా భుజాలు నావి కాకుండా పోయాయి.

గడువు రోజు మధ్యాహ్నం ఎట్టకేలకు ప్రింటు తీసి నా చేతిలో పెట్టింది. కొరియర్ నాలుగింటికి వెళ్లిపోతుంది. సభ్యులు అయిదుగురు వచ్చారు. వాళ్లలో ఒకాయనకి చూపు లేదు, ఒకసారి విన్నది మరిచిపోడు గనక అందరూ రేడియో అంటారు. వినపడని ఇద్దరికి, సభ్యుల్లోనే ఒకడైన దర్జీ సైగల్లో చెబుతున్నాడు. నేను చదువుతున్నాను.

"ఇంటికి బంధువులు వస్తే నేను సిగ్గుపడి లోపలి గదిలోకి వెళ్లిపోయేదాన్ని."

అక్కడ నా నోరు ఆగిపోయింది.

అక్క ఎప్పుడూ వెళ్లలేదు. గుమ్మం దగ్గర మనుషుల అలికిడి వినిపిస్తే అమ్మ నాకు కంటితో సైగ చేసేది. నాకప్పుడు ఏడేళ్లు, అక్కకి పది. చంకల కింద చేతులు వేసి లోపలి గదిలోకి లాక్కెళ్లి, బయట గడియ పెట్టేదాన్ని. ఒకసారి వాళ్లు సాయంత్రం దాకా కదల్లేదు. తలుపు తీసేసరికి అక్క బట్టలు తడిసిపోయి ఉన్నాయి. ఇద్దరం కలిసి నేల తుడిచాం.

"ఇది అబద్ధం. నేను సంతకం పెట్టను" అన్నాను.

"పెట్టవే. టైమవుతోంది."

"నువ్వు వెళ్లలేదు. నేను గడియ పెట్టాను."

దర్జీ చేతులు గాల్లో ఆగాయి.

"సంతకం లేకపోతే ఫారం తీసుకోరమ్మా" అన్నాడు రేడియో మెల్లగా. "బస్సుల సంగతి ఇక మరిచిపోవాలి."

"పసిపిల్లవి. అమ్మ చెప్పింది చేశావు" అంది అక్క. "ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇప్పుడు నిన్ను తప్పుపట్టాలా?"

"అందరిచేతా నిజం కక్కించావు. వాళ్ల అమ్మానాన్నల్ని కూడా వదల్లేదు. నా దగ్గరికొచ్చేసరికి నీకు జాలి పుట్టుకొచ్చిందా?"

అక్కకి కోప్పడే ఓపిక కూడా లేనట్టుంది. కుర్చీ తిప్పుకుని ఆ వాక్యం చెరిపేసింది.

"చెప్పు" అంది.

అక్క మాటగానే చెప్పాను. "బంధువులు వస్తే నా చెల్లెలు నన్ను లోపల పెట్టి గడియ వేసేది. నాకు వినపడకూడదని చప్పుడు కాకుండా వేసేది."

కీబోర్డు మీద వేళ్లు ఆగాయి.

"వినపడేది" అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "ప్రతిసారీ వినపడేది. నువ్వు బాధపడతావనే తలుపు కొట్టలేదు."

ఆ మాట మాత్రం టైపు చేయలేదు. కొత్త ప్రింటు తీసి, సంతకం చేయాల్సిన చోట వేలు పెట్టి చూపించింది. పెట్టాను.