పదునుకు ఆగిన ఫైనలు

బోరిక్ పౌడర్‌కు వాసన ఉండదంటారు. నాకు మాత్రం ఉంటుంది. మొన్న ఆదివారం అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రంలో మేము క్యారమ్స్ ఆడుకునే షెడ్డులో, కొత్తగా చేరిన ఒకాయన డబ్బా బోర్లించి బోర్డు మీద పౌడర్ కుమ్మరించాడు. ఫ్యాను గాలికి అది లేచి నా ముక్కులోకీ నోట్లోకీ పోయింది. ఆ చప్పటి పొడి నాలుకకు తగలగానే నాకు తెలియకుండానే గట్టిగా అరిచాను: “ఏమప్పా, రొట్టెలు తట్టుతాండావా?” అన్న తర్వాత గుర్తొచ్చింది, ఆ మాట నాది కాదు. సిస్టరమ్మది. ఆమె పోయి రెండేళ్ళు దాటింది.

ఆమె అసలు పేరు మార్తమ్మ. పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైంది. అనంతపురం నగరంలో ఆదివారాల క్యారమ్స్ లీగ్ నడిపింది ఆమే. ఆమెను తెలియనివాళ్ళకు చెప్పమంటే చాలామంది ‘చల్లని తల్లి’ అని మొదలుపెడతారు. శుద్ధ అబద్ధం. ఆమె దగ్గర కూర్చుంటే మే నెల మధ్యాహ్నం రేకుల కింద కూర్చున్నట్టుండేది. ఆలస్యంగా వస్తే అరిచేది. అనవసరంగా పొగిడితే ఇంకా అరిచేది. చచ్చినవాళ్ళ కోపాన్ని కడిగేసి, పూలదండ వేసి, నవ్వుతున్న ఫొటో గోడకు తగిలించడం మనకు అలవాటు. ఆ పని నేను చేయను. ఆమె కోపిష్టి, ఆ కోపానికి అర్థం ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా చేరి ఈ ఊరికొచ్చిన కొత్తలో, ఆదివారాలు ఏం చేయాలో తోచక తిరిగేవాణ్ణి. బస్టాండు వెనక సందులో ఒక పాత రేకుల షెడ్డు నుంచి టకటకమని చప్పుడు వినిపించి తొంగి చూశాను. నాలుగు బోర్డులు, వాటి చుట్టూ మగవాళ్ళు. మధ్యలో నేతచీర కట్టుకున్న ఒక పెద్దావిడ, ఒక బ్యాంకు ఆఫీసరును నిలబెట్టి తిడుతోంది. ఆయన చేసిన నేరం, కాయిన్ అందడం లేదని కుర్చీ జరుపుకోవడం. “కూచున్న చోటి నుంచే కొట్టాల. అందకపోతే అందదు. నీ కోసరం బోర్డు తిప్పుతారా?” అంటోంది. తర్వాత గుమ్మంలో ఉన్న నన్ను చూసి, “నువ్వేంది, సినిమా చూస్తాండావా? కూచో,” అంది. కూర్చున్నాను. ఆ రోజు చిత్తుగా ఓడిపోయాను. ఆపై ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఆ లీగ్‌లో రకరకాల మనుషులుండేవారు. ఆటో డ్రైవర్లు, గుమాస్తాలు, టైలర్లు, ఒకరిద్దరు టీచర్లు. అందరూ పేరుకు టౌను మనుషులే గానీ, సగం మందికి పల్లెల్లో ఇంకా నాలుగెకరాల మెట్ట ఉండేది. మిగతావాళ్ళలో చాలామంది అమ్మానాన్నలు ఆ మెట్టల్లో కూలికి పోయేవారు. అందుకే మా లీగ్‌కు, నాకు తెలిసి మరెక్కడా లేని ఒక పద్ధతి ఉండేది. విత్తనాల కాలంలో పదును వాన పడితే, అంటే భూమి విత్తడానికి సరిపడా తడిస్తే, ఆటలన్నీ ఆగిపోవాలి. ఎవరు గెలుస్తున్నా, ఎవరు ఓడుతున్నా సరే. విత్తి వచ్చాక మళ్ళీ మొదటినుంచి ఆడాలి. రాలేదని ఎవరినీ ఓడినట్టు రాయకూడదు.

ఈ పద్ధతి నాకు తెలిసిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితంలో మొదటిసారి ఓబులేసు మీద గెలవబోతున్నాను. ఓబులేసు ఆటో నడిపేవాడు, సొంతూరు కళ్యాణదుర్గం అవతల. మా లీగ్‌లో అతన్ని మించిన ఆటగాడు లేడు. అతని కాయిన్లు ఇంకా బోర్డు నిండా ఉన్నాయి, నాకు రెండే మిగిలాయి. అంతలో రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. కాసేపటికి ఎవరి మాట ఎవరికీ వినపడనంత హోరు. సిస్టరమ్మ లేచి, ఎవరికో ఫోన్ చేసి, “ఆడ పదునైనాదా?” అని అడిగింది. వచ్చిన జవాబు విని, నేరుగా మా బోర్డు దగ్గరికొచ్చి అరచేత్తో కాయిన్లన్నీ కలిపేసింది.

“నేను గెలుస్తాండా కదా సిస్టరమ్మా!” అన్నాను. ఇక్కడి మాట అప్పటికే నాకు పట్టుబడింది.

“నీకు భూమి ఉండాదా?”

“లేదు.”

“నాకూ లేదు. మా నాయన ఒకరి చేన్లో కూలి చేసినాడు. పదునులో ఇత్తనం పడితేనే మాకు కూలి, మాకు గింజ. రెండు దినాలు తడవు చేస్తే పదును ఆరిపోతాది, ఆ ఏడాది పోయినట్టే. ఆట యాడికి పోతాదప్పా? వచ్చే ఆదివారం ఈడనే ఉంటాది.” ఆపై ఓబులేసు వైపు తిరిగి, “నువ్వింకా ఈడనే ఉండావా?” అని కసిరింది. అతను చెప్పులు సగం తొడుక్కుని పరుగెత్తాడు. షెడ్డు ఖాళీ అయింది. నేనొక్కణ్ణే ఆ వాన చూస్తూ నిలబడ్డాను. చేతిలో సగం గెలుపు అలా పోయినందుకు మంటగా ఉంది.

కొన్నేళ్ళకు ఆ షెడ్డు పడగొట్టి దుకాణాలు కట్టారు. మాకు చోటు లేకుండా పోయింది. అప్పుడే ఒకాయన ప్రత్యక్షమయ్యాడు. ఊళ్ళో ఆయనకొక ఫంక్షన్ హాలుంది. పేరు రాయను. రాస్తే దానికీ ఒక ఫ్లెక్సీ కట్టిస్తాడు. హాలాయన అంటాను. పెళ్ళిళ్ళు లేని ఆదివారాలు భోజనాల హాల్లో ఆడుకోండి అన్నాడు. మంచి లైట్లు, ఫ్యాన్లు. సిస్టరమ్మ ఒప్పుకుంది. మొదట్లో ఆయన వెనక కూర్చుని చూసేవాడు. తర్వాత ముందు వరుసలో కూర్చున్నాడు. ఆ తర్వాత, సిస్టరమ్మ పక్కన నిలబడి ఫొటోలు దిగడం మొదలుపెట్టాడు. ఒంటె, గుడారం కథ మనందరికీ తెలిసిందే. తెలిసి కూడా ప్రతిసారీ ఒంటెకు చోటిస్తాం.

ఆ సంవత్సరం ఫైనలుకు వచ్చింది నేనూ ఓబులేసూ. హాలాయన ఒక పెద్ద నాయకుణ్ణి పిలిచి, ఆదివారం ఖాయం చేసి, ఊరంతా ఫ్లెక్సీలు కట్టించాడు. శుక్రవారం కళ్యాణదుర్గం వైపు వాన దంచి కొట్టింది. శనివారం ఓబులేసు ఫోన్ చేసినప్పుడు నేను సిస్టరమ్మ ఇంట్లోనే ఉన్నాను. ఆమె స్పీకర్ పెట్టింది.

“సిస్టరమ్మా, పదునైనాది. ట్రాక్టరు రేపటికి దొరికింది. మళ్ళీ దొరకదు. ఫైనలుకు ఎట్ల రావల్ల?”

“ఎవరు రమ్మన్నారు నిన్ను? పో, ఇత్తుకో పో.”

“మరి కప్పు?”

“కప్పేమన్నా మొలకెత్తుతాదా? పెట్టేసెయ్ ఫోను.”

వెంటనే హాలాయనకు చెప్పింది. ఆయన సరే సరే అన్నాడు. ఆదివారం పోయి చూస్తే హాలు నిండా జనం, వేదిక మీద నాయకుడు, టేబుల్ మీద కప్పు. హాలాయన మైకు పక్కకు పెట్టి సిస్టరమ్మతో, “వాకోవర్ ఇచ్చేద్దాం. అంత పెద్దాయన వచ్చినాడు. ఒక్క ఆటోవాని కోసరం ఇంతమందిని కూచోబెడతామా?” అన్నాడు.

“ఆయన్ని రమ్మన్నది నువ్వు. వాన్ని పొమ్మన్నది నేను. మా లీగ్‌లో వానకు పోయినోడు ఓడినట్టు ల్యా,” అంది ఆమె.

“మీ లీగ్ ఏందమ్మా, హాలు నాది.”

అప్పుడామె ఆటగాళ్ళ వైపు తిరిగింది. అందరూ అక్కడే కూర్చుని ఉన్నారు. “మీలో పదునుకు పోనోడు ఎవడు? వచ్చినంక మళ్ళీ ఆడనోడు ఎవడు? లేసి చెప్పండి ఈయనకు,” అంది. ఒక్కడూ లేవలేదు. బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. వాళ్ళలో పామిడి నుంచి వచ్చే టైలరున్నాడు, అంతకు ముందు ఏడాది అతని కోసం సెమీఫైనలే ఆగింది. ఎకరాలకు ఎకరాలు ఈ పద్ధతి వల్లే వేళకు విత్తుకున్న మనుషులు. నాయకుడి ముందు, బిరియానీ వాసన ముందు, వాళ్ళకు నోళ్ళు పడిపోయాయి. హాలాయన మీద నాకున్న కోపం చిన్నది. ఆయన ఆయనలాగే ఉన్నాడు. వీళ్ళ మీద కోపం మాత్రం ఈ రోజుకీ నా గొంతులో ముల్లులాగే ఉంది.

హాలాయన కప్పు తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. “రాప్పా, గెలిచినావు,” అన్నాడు. “ఆడకుండా గెలిచేదేంది సార్? నాకొద్దు,” అన్నాను. ఆయన ముఖం చిట్లించి, నా చేతిలో సెమీఫైనల్ ఓడిపోయినవాణ్ణి పిలిచాడు. అతను నవ్వుకుంటూ వెళ్ళి అందుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పామిడి టైలరు కూడా కొట్టాడు.

నేను అరిచాను. ఏమేం అన్నానో సరిగ్గా గుర్తులేదు, సిగ్గులేదా అన్నది మాత్రం గుర్తుంది. సిస్టరమ్మ చప్పట్లు ఆగేదాకా కదలకుండా నిలబడింది. తర్వాత మధ్యలో ఉన్న బోర్డు మీద కాయిన్లు డబ్బాలోకి సర్దింది. బోర్డులన్నీ ఆమె సొంతం. “అరిచినావు కదా, ఇంక ఆ పక్క పట్టు,” అంది నాతో. ఇద్దరం ఒక్కొక్క బోర్డూ మోసుకుంటూ జనం మధ్య నుంచి బయటికి తెచ్చాం. ఒక్కరూ చెయ్యి వేయలేదు.

ఓబులేసు విత్తనం వేసి వచ్చాక, సిస్టరమ్మ ఇంటి వరండాలో ఫైనలు ఆడాం. చూడటానికి ఆమె ఒక్కతే ఉంది. నేను ఓడిపోయాను. సంతోషంగా ఓడానని రాస్తే అబద్ధమవుతుంది, ఆ రోజంతా చిరాగ్గానే ఉన్నాను. పైగా ఆ ఏడు ఆ వాన తర్వాత మరో వాన పడలేదు. కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళకు వేరుశనగ చెట్లు మాడిపోయాయి. ఈ కబురు తెలిసి హాలాయన, “పంటా పాయె, కప్పూ పాయె,” అని నలుగురిలో నవ్వాడట. ఆ మాట తెచ్చి సిస్టరమ్మకు చెప్పి, “ఇంత చేసి ఏం లాభం?” అని ఆమె మీదే విసుక్కున్నాను. ఆమె బోర్డు తుడుస్తూ తలెత్తింది.

“ఇత్తకుండా కప్పు కోసరం ఈడ కూచోనుంటే, బతికినన్నాళ్ళూ తప్పు వానిదే అని కుమిలిపోయుండేవాడు. ఇప్పుడు తప్పు మబ్బుది. మబ్బును తిట్టుకుంటాడు, అన్నం తింటాడు. ఆ మాత్రం తెల్దా నీకు?” అంది. ఆసుపత్రి వార్డుల్లో, పురుగుమందు తాగి, తమను తాము తిట్టుకుంటూ వచ్చిన రైతులను ఆమె ఎంతమందిని చూసిందో నాకు తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు ఆమె ముఖం చూసి అడగాలనిపించలేదు.

ఆ తర్వాత మేం కొద్దిమందిమే మిగిలాం. మిగతావాళ్ళు హాల్లో ఆడుకున్నారు. ఆమె చివరి ఆదివారం దాకా వరండాలో లీగ్ నడిపింది. ఇప్పుడు బుక్కరాయసముద్రంలో నేను నడుపుతున్నాను. ఓబులేసు వస్తాడు, ఇంకొందరు వస్తారు. ఆమె దగ్గర నేర్చుకున్నవాటిలో నాకు బాగా వంటబట్టింది కోపమే. ఇంట్లోవాళ్ళు కాస్త తగ్గించుకోమంటారు. తగ్గించుకోవాలని నాకు లేదు. ఎందుకో పోయిన వారం ఇంకోసారి తెలిసొచ్చింది.

ఆఫీసులో ఉండగా హాలాయన ఫోన్ చేశాడు. సిస్టరమ్మ పేరు మీద పెద్ద కప్పు పెడుతున్నాడట. జూలైలో, సరిగ్గా విత్తనాల వేళకు ఫైనలు, తేదీ ఖాయమైందట. “నువ్వొచ్చి ఆయమ్మ గురించి రెండు మంచి మాటలు చెప్పల్ల,” అన్నాడు. గొంతులో నిజమైన గౌరవమే ఉంది. అదే నన్ను ఇంకా మండించింది.

“వానొస్తే?” అని అడిగాను.

నేనేదో వేళాకోళమాడుతున్నాననుకున్నట్టున్నాడు. నవ్వాడు.

“వానొస్తే మనకేమప్పా? హాలు లోపలే కదా ఆడేది!”

ఆమె పేరు పెట్టుకోవద్దని చెప్పాను. మెల్లగా చెప్పలేదు. ఆఫీసంతా తలలెత్తి చూసేలా చెప్పాను.