కాళ్లు పడని ఫోటో

నాకు ఇంటర్నెట్టు నేర్పింది కుప్పం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ వైపు పల్లెల్లోకి కూడా కంప్యూటర్లు వస్తున్నాయని అందరూ గొప్పగా చెప్పుకునేవాళ్లు. అప్పుడు నేను పుంగనూరులో, బడి మానేసిన పిల్లల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో కార్యకర్తను. మా సంస్థ నడిపే సారుకు కొత్తదేదైనా సరే మోజు. పేద పిల్లల కోసం లోకంలో ఎవరేం చేస్తున్నారో అంతా ఇంటర్నెట్టులో ఉంటుందట, నువ్వు పోయి నేర్చుకుని రా అని నన్ను కుప్పం బస్సెక్కే దాకా వదల్లేదు. మొదటి రోజు మౌసును టేబుల్ అంచు దాకా తోసుకుంటూ పోయి కింద పడేశాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకసలే ముక్కు మీద కోపం. ఆ కోపంతోనే సాయంత్రానికల్లా ఈమెయిల్ పంపడం దాకా నేర్చేసుకున్నాను.

నేర్చుకున్నది మర్చిపోకుండా ఉండాలంటే మదనపల్లెకు పోవాలి. అక్కడ బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల షాపు మేడమీద ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ చెక్కలతో కట్టిన ఇరుకు గదులు, ప్రతి గదికీ ఒక పూలపూల కర్టెను. కుర్రకారంతా కర్టెన్లు వేసుకుని కూర్చుంటే నేనొక్కదాన్నే కర్టెను తీసి పెట్టుకుని, ఒళ్లో ఇంగ్లీషు డిక్షనరీ పరుచుకుని కూర్చునేదాన్ని. ఆ సెంటరాయన నన్ను పరీక్షలకు చదువుకుంటున్న టీచరమ్మ అనుకున్నాడు. నేనూ కాదనలేదు.

పేజీలు నెమ్మదిగా దిగేవి. పేద పిల్లల గురించిన ఏ పేజీ తెరిచినా ముందు ఒక పాప బొమ్మ ఉండాల్సిందే. మొదట చింపిరి జుట్టు, తర్వాత నుదురు, తర్వాత కళ్లు. కళ్ల దగ్గరికొచ్చేసరికి కరెంటు పోయేది. ఎక్కడెక్కడి దేశాల పిల్లలో! మా టమాటా మార్కెట్టులో కాయలేరే పిల్లలు మాత్రం ఎక్కడా కనబడలేదు. అయినా ఆ బొమ్మల కింద చదవదగ్గ మాటలు చాలా ఉండేవి. పేదరికమంటే ఇంట్లో డబ్బు లేకపోవడమొకటే కాదట. బడి ఎంత దూరం, ఎట్లా పోతారు, నీళ్లు ఎవరు మోస్తారు, జ్వరమొస్తే ఎక్కడికి తీసుకుపోతారు, ఆడుకోవడానికి పొద్దు ఉంటుందా, ఇవన్నీ చూడాలట. ఒక్కొక్క మాటకూ అర్థం వెతుక్కుంటూ నాకోసం తెలుగులో రాసుకునేదాన్ని.

అట్లా రాసుకుంటూ ఉండగా ఒక రోజు నాకు తెలిసొచ్చిందేమంటే, ఆ లెక్కన నేను కూడా పేద పిల్లనే! మాది తంబళ్లపల్లె పక్క మెట్ట ఊరు. చెనక్కాయ, అంటే వేరుశనగ, పండితే పండగ, లేకుంటే లేదు. బడికి గుట్ట దాటి పోయేదాన్ని, బడినుంచి రాగానే నీళ్లకు పోయేదాన్ని. ఈ సంగతి ఊరికి పోయినప్పుడు మా అమ్మకు చెప్పాను. వేరుశనగ వలుస్తున్న చెయ్యి ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

“ఎవురు పేదోళ్లు? మనమా? మనకు బాయి ఉండాది, గొర్రెలుండాయి. ఆ కంప్యూటరోడు మనింటికొచ్చి సూసినాడా?”

బావిలో నీళ్లు లేవు కదమ్మా అన్నాను. బావి ఉందా లేదా అది చెప్పు అంది. ఆ రోజు నాకు రాగి సంగటి మీద మామూలుకంటే ఎక్కువ నెయ్యి పడింది. మా అమ్మ అట్లా జవాబు చెబుతుంది.

ఇక నేను చెప్పదలచుకున్న పాప సంగతి. పుంగనూరుకు, పెద్దపంజాణికి నడుమ ఒక పల్లెలో కూలి చేసుకునే తల్లీకూతుళ్లు ఉండేవాళ్లు. తండ్రి లేడు. పాప మొదట తల్లితో పాటు టమాటా తోటలకు పోతుంటే మేమే పట్టుకొచ్చి మళ్లీ బళ్లో వేశాం. ఏడో తరగతి దాకా ఊళ్లోనే బడి. పాప బాగా చదివింది. ఎనిమిదికి పుంగనూరు రావాలి. ఊరికొచ్చే ఒక్క బస్సూ పొద్దున బడి మొదలైన తర్వాత గానీ వచ్చేది కాదు. సర్కారు హాస్టల్లో చోటు లేదన్నారు. ఇంతలో బెంగళూరులో ఎవరో ఉద్యోగస్తుల ఇంట్లో పసిబిడ్డను చూసుకునే పిల్ల కావాలని కబురొచ్చింది. తిండి, బట్ట, నెల జీతం. బళ్లు తెరిచేలోపు మేమేదైనా దారి చూపకపోతే పాపను బెంగళూరు బస్సెక్కిస్తానని తల్లి నాతో చెప్పింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఒంటరి ఆడమనిషి, ఎదిగే పిల్ల. బెంగళూరు పోయిన ఏ పిల్లా మళ్లీ బడి మొగం చూడలేదని మాత్రం నాకు తెలుసు.

అప్పుడే నాకొక వెబ్‌సైటు దొరికింది. పేద పిల్ల ఫోటో, ఆ పిల్ల గురించి నాలుగు మాటలు పంపితే, చూసిన దాతలు ప్రైవేటు హాస్టలు ఖర్చు పెట్టుకుంటారట. సారు ఎగిరి గంతేశారు. నేను ఆ పల్లెకు పోయి తల్లికి విషయం చెప్పాను. పాప ఫోటో కంప్యూటర్లో పెడతాం, లోకమంతా చూస్తుంది, ఒక ఫోటో తీయించి తెచ్చివ్వు అన్నాను.

లోకమంతా చూస్తుందన్న మాట చాలు. ఆ ఊళ్లో ఫోటో అంటే పెళ్లికో, ఓణీల ఫంక్షనుకో తీయించుకునేది. దానికి తగ్గట్టు తయారు కాకపోతే ఊరందరికీ అప్రతిష్ఠ. పాప ఫోటో కోసం వీధి వీధంతా కదిలింది. పట్టుపావడా ఒక ఇంటినుంచి, గాజులు ఇంకో ఇంటినుంచి, జడగంటలు మరో ఇంటినుంచి వచ్చాయి. పాల వ్యాను నడిపే రైతు ఇంటి కోడలు తన మెడలో బంగారు సరం తీసి పాప మెడలో వేసింది. అందరూ కలిసి పుంగనూరు స్టూడియోకు తీసుకుపోయారు. స్టూడియో ఆయన పాప మొహానికి ఇంకొంచెం పౌడరు కొట్టి, ఊటీ పూలతోట పరదా ముందు నిలబెట్టి, చేతికి ఒక టెలిఫోను రిసీవరు కూడా ఇచ్చాడు. ఫోటోలో పాప మోకాళ్ల దాకానే పడింది. ఎందుకంటే ఆ పాదాలకు సరిపోయే చెప్పులు ఊళ్లో ఎవరి దగ్గరా దొరకలేదు.

ఫోటో చూడగానే నాకు ముచ్చటేసింది. చక్కని పిల్ల, మహారాణిలాగా ఉంది. మదనపల్లెలో స్కాన్ చేయించి, రాయవలసిందంతా రాసి పంపాను. సెంటరాయన ఫోటో చూసి, పెళ్లి సంబంధానికా, పిల్లకు ఇంకా వయసు చాలదు కదమ్మా అని మందలించాడు కూడా.

వారం తిరిగేసరికి జవాబొచ్చింది. ఇంగ్లీషు ఎంత మెత్తగా ఉందంటే రెండుసార్లు చదివితే గానీ దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియలేదు. ఈ అమ్మాయి కలిగిన కుటుంబంలోని పిల్లలా కనిపిస్తోంది, ఆమె నిజమైన పరిస్థితి తెలిసే ఫోటో పంపగలరా అని సారాంశం. నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా ఉన్నది కంప్యూటరు కాబట్టి సరిపోయింది గానీ మనిషై ఉంటే జుట్టు పట్టుకునేదాన్ని. మా సారు మాత్రం నింపాదిగా, వాళ్లడిగిందేదో పంపేస్తే పోలేదా అని తన రీలు కెమెరా నా చేతికిచ్చారు. బళ్లు తెరవడానికి ఎన్నో రోజులు లేవు. నేనూ తీసుకుని బయల్దేరాను.

పల్లెలో తల్లికి సంగతి చెప్పడం ఎంత కష్టమైందో! సరం, పావడా చూసి మీరు కలిగినవాళ్లనుకున్నారు అన్నాను. ఆమెకు ముందు నవ్వొచ్చింది. కలిగినోళ్లమనుకున్నారా అని మళ్లీ అడిగి మరీ నవ్వింది. మామూలుగా ఉన్నట్టు ఇంకో ఫోటో కావాలట అనేసరికి నవ్వు ఆగిపోయింది.

“అందురూ సూసేదానికి పాతగుడ్డల్తో నిలబెట్టల్నా మా పాపను? కూలికి పోయేటప్పుడు కూడా తల దువ్వకుండా పంపలేదమ్మా నేను.”

మేం అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నాం. ఈ మాటలన్నీ లోపల్నుంచి పాప విన్నట్టుంది. కాసేపటికి తనే బయటికొచ్చింది. తోటల్లోకి పోయేప్పుడు వేసుకున్న పాత గౌను, భుజం దగ్గర చినిగింది. పొద్దున తల్లి వేసిన జడ విప్పేసుకుని జుట్టు చెరిపేసుకుంది. వచ్చి గోడకానుకుని నిలబడి, కెమెరా వైపు చూసింది.

“అక్కా, ఇట్ల సాలునా? ఏడస్తాండేట్ల కూడా ఉండల్నా?”

నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆ పిల్లకు చదువుకోవాలని ఉంది, అందుకోసం ఏం చేయమన్నా చేస్తుంది. అంతకంటే చేదు సంగతి నేను ఏ వెబ్‌సైటులోనూ చదవలేదు. కెమెరా సంచిలో పెట్టేసి, రా తల దువ్వుతాను అన్నాను. మళ్లీ జడ వేసి, రిబ్బను కట్టాను.

మరునాడు మదనపల్లె పోయి, వేరే ఏదైనా ఉందేమోనని ఊరికే వెతుకుతూ కూర్చున్నాను. ఒక పేజీ దొరికింది. పిల్లల ఫోటోలు ఎట్లా తీయాలో, ఎట్లా తీయకూడదో ఎవరో పని తెలిసినవాళ్లు రాసి పెట్టారు. సాయం అడిగేటప్పుడు కూడా పిల్లల మర్యాద పోకూడదని, తలదించుకునేలా చూపడం కూడా అన్యాయమేనని అందులో ఉంది. ఆ పల్లె ఆడవాళ్లకు ముందే తెలిసిన సంగతే. అయినా ఇంగ్లీషులో, అంత దూరాన ఎవరో రాసి ఉండటం చూసి నాకు తోడు దొరికినట్టయింది. పట్టరాని హుషారుతో ఆ దాతల వెబ్‌సైటు వాళ్లకు మళ్లీ రాశాను. అదే ఫోటో పెట్టి, పావడా ఎవరిది, గాజులెవరివి, సరం ఎవరిది అన్నీ రాశాను. సొంత చెప్పులు లేవు కాబట్టే ఫోటోలో కాళ్లు లేవని కూడా రాశాను. ఈ పిల్ల ఇంతకంటే పేదగా కనబడదు, ఇష్టముంటే చూడండి అని ముగించాను. పరిశీలిస్తామని ఒక ముక్క వచ్చింది. ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉండాలి.

కానీ పల్లెల్లో మాట ఈమెయిలుకంటే ముందు చేరుతుంది. సరం వల్ల పాప హాస్టలు పోయిందని ఊరంతా పాకింది. అరువు సొమ్ము బరువు చేటు అని సామెత ఉండనే ఉంది కదా, అది కూడా ఎవరో అనేశారట. నేను మళ్లీ పల్లెకు పోయేసరికి ఆ రైతు కోడలు నాకోసం కాచుకుని ఉంది. కోపంగా ఉందేమో, తిడుతుందేమో అనుకున్నాను. అసలు ఏం అడ్డమని ఆమె నన్ను కూర్చోబెట్టి అడిగింది. నేను ఆ పేజీల్లో చదివిన ప్రశ్ననే తిప్పి చెప్పాను. బడికి ఎట్లా పోతుంది అన్నదొక్కటే అడ్డం, సాయంత్రం వచ్చేదానికి బస్సుంది, పొద్దున పోయేదానికి లేదు అన్నాను.

ఆమె లోపలికి పోయి మొగుడితో ఏం మాట్లాడిందో తెలియదు. బయటికొచ్చి సరాన్ని వేలితో పట్టుకుని చూపించింది.

“దీని మూలంగా పాప సదువు పోయిందంటే రేపట్నుంచి నేనెట్ల ఏసుకునేదమ్మా? పొద్దున్నే మా వ్యాను పుంగనూరికి పోతాండాది. అన్ని క్యానులకు సోటుండాది, పాపకు లేకుండా పోతుందా?”

ఇన్నాళ్లూ ఆ వ్యాను మా కళ్ల ముందే పోతోంది. లోకమంతా వెతికాను గానీ దాన్ని ఎవరమూ చూడలేదు. తల్లికి ఒక్కటే బెంగ, ఆడపిల్లను వ్యానులో ఒంటరిగా ఎట్లా పంపేదని. ఆ కోడలు మొదటి నెల తనే ముందు సీట్లో కూర్చుని పుంగనూరు దాకా వస్తానంది. దారిలో వాళ్లమ్మ ఇల్లుందట, అక్కడ కాఫీ తాగొచ్చట. పుణ్యం, పురుషార్థం రెండూ అంటే అదే. బెంగళూరుకు రాదని కబురు పోయింది.

ఆ తర్వాత నేను ఏ ఊరికి పోయినా ముందు అడిగేది ఆ ప్రశ్నే, బడికి ఎట్లా పోతావు అని. నేను తెలుగులో రాసుకున్న ఆ మాటలు మా సంస్థలో అందరూ వాడారు. గుర్రంకొండ వైపు పనిచేసేవాళ్లూ అడిగి తీసుకుపోయారు.

బళ్లు తెరిచిన రోజు పొద్దున్నే నేను ఆ పల్లెకు పోయాను. సారు కెమెరా ఇంకా నా సంచిలోనే ఉంది. పాల వ్యాను వచ్చి నిలబడింది. పాప బడి యూనిఫారంలో, రెండు జడలతో, పుస్తకాల సంచి పట్టుకుని వచ్చింది. మెడలో నల్లదారం తప్ప ఏమీ లేదు. కాళ్లకు కొత్త హవాయి చెప్పులు, తల్లి సంతలో కొనిందట. నేను కెమెరా మాటే ఎత్తలేదు. ఆ తల్లే నా సంచి వైపు చూసింది.

“ఇప్పుడు తియ్యమ్మా ఫోటో. ఈ పొద్దు దాని ఒంటి మీద ఉండేదంతా దాందే.”

పాప వ్యాను పక్కన నిటారుగా నిలబడింది. ఈసారి కాళ్లు కూడా పడేలా కాస్త వెనక్కి జరిగి తీశాను.